పెట్టె లోపలి కొలత

మొఘల్‌పురాలో ఒక వదిన, ఒక మరిది ఉన్నారు. వదిన ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మరిది కిరాయి కారు నడుపుతాడు. అతను పైసా పైసా కూడబెట్టి కారుకు 12 అంగుళాల స్పీకరు కొన్నాడు. దాన్ని సబ్‌వూఫర్ అంటారు. డోలు కొట్టినట్టు దమ్‌దమ్ మనే లావు సప్పుడును అది పలికిస్తుంది.

స్పీకరును డిక్కీలో అట్లనే పెట్టి పాట వేశాడు. సప్పుడు పలచగా వచ్చింది.

"మోసపోయిన వదినా!" అన్నాడు మరిది.

స్పీకరులో ఏ లోపమూ లేదు. దానికి పెట్టె లేదు.

పెట్టె ఎందుకు?

స్పీకరులో గరాటు లాంటి అట్ట ఉంటుంది. పాట వస్తుంటే అది ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది. అదే సమయంలో వెనుక గాలి పలచబడుతుంది. ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనుక ఖాళీని నింపుతుంది. రెండూ కలిసి సప్పుడు చచ్చిపోతుంది. లావు సప్పుడుకే ఈ బాధ ఎక్కువ. స్పీకరును పెట్టెలో బిగిస్తే ముందు గాలి, వెనుక గాలి కలవవు.

పెట్టె ఎంత ఉండాలి?

నల్లా కింద బిందె పెట్టి వినండి. మొదట సప్పుడు లావుగా ఉంటుంది. బిందె నిండే కొద్దీ సన్నబడుతుంది. నీళ్లు పెరుగుతుంటే లోపలి గాలి తగ్గుతుంది కదా! స్పీకరు పెట్టె కూడా అంతే. పెట్టె చిన్నదైతే లావు సప్పుడు సరిగా రాదు. మరీ పెద్దదైతే అట్టకు పట్టు ఉండదు. గట్టిగా మోగిస్తే స్పీకరు దెబ్బ తింటుంది.

ఎంత పెట్టె కావాలో స్పీకరుతో వచ్చిన కాగితం చెబుతుంది. మరిది ఆ కాగితం పారేయబోయాడు. వదిన తీసుకుని చూసింది. అది ఇంగ్లీషులో ఉంది. కానీ అంకెలు ఆమెకు వచ్చు. మూసిన పెట్టెకు 33 లీటర్లు అని ఉంది. స్పీకరు తినే చోటు మరో 2 లీటర్లు. మొత్తం 35 లీటర్లు.

ఏ రకం పెట్టె?

పెట్టెలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అన్ని వైపులా మూసిన పెట్టె. ఇది చిన్నగా ఉంటుంది. చేయడం తేలిక. రెండోది గొట్టం పెట్టిన పెట్టె. దీని సప్పుడు ఎక్కువ. కానీ చోటు ఎక్కువ కావాలి. గొట్టం కొలత తప్పితే పాట పాడవుతుంది. మొదటిసారి చేయించేవారికి మూసిన పెట్టె మేలు.

రంపం ఆగింది

మరిది వడ్రంగి చాచా దగ్గరకు పోయాడు. "పొడవు 40, ఎత్తు 35, లోతు 25 సెంటీమీటర్లు" అని చెప్పాడు. మూడింటినీ గుణిస్తే 35,000. వెయ్యికి ఒక లీటరు. అంటే 35 లీటర్లు. లెక్క సరిపోయింది. చాచా రంపం తీశాడు.

వెంట వచ్చిన వదిన అడిగింది. "చాచా, ఇది లోపలి కొలతనా, బయటి కొలతనా?"

"బయటిదే అనుకున్న బేటీ" అన్నాడు చాచా.

"జాకెట్టుకు కుట్టు కోసం గుడ్డ వదులుతం. మరి చెక్క మందం వదలద్దా?"

చాచా రంపం కింద పెట్టాడు. చెక్క మందం 1.8 సెంటీమీటర్లు. రెండు వైపులా కలిపి 3.6. బయట 40 కోస్తే లోపల 36.4 మిగులుతుంది. ఎత్తు 31.4, లోతు 21.4 అవుతాయి. అప్పుడు పెట్టెలో పట్టేది 24 లీటర్లన్నర గాలే. పది లీటర్లకు పైగా పోయేది! కోసిన చెక్క మళ్లీ అతకదు. అందుకని బయటి కొలతలు 43.6, 38.6, 28.6 పెట్టారు.

చేసేటప్పుడు జాగ్రత్తలు

పలుచని చెక్క గడగడలాడుతుంది. ఎండీఎఫ్ చెక్క మంచిది. దాన్ని కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అది తడిస్తే ఉబ్బుతుంది. వాన నీరు తగలనీయవద్దు.

అతుకులకు జిగురు పూసి మరలు బిగించాలి. సందులు పూడ్చాలి. తర్వాత పాట వేసి అతుకుల దగ్గర అగరుబత్తి తిప్పి చూడాలి. పొగ అదిరిన చోట గాలి పోతున్నట్టు.

పెట్టెను కారుకు గట్టిగా బిగించాలి. లేకుంటే బ్రేకు వేసినప్పుడు మనుషుల మీదికి వస్తుంది. బ్యాటరీ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించాలి. లేకపోతే మంటలు రావచ్చు.

గల్లీలో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. లావు సప్పుడు గోడలు దాటి పోతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. పాట ఆగాక చెవులు గుయ్యిమంటే, ఆ సప్పుడు మీ చెవులకు ఎక్కువైనట్టే.

ఇప్పుడు మరిది పాట వేస్తే డోలు డోలులాగే వినిపిస్తోంది. స్పీకరు కాగితం వదిన కుట్టుమిషన్ సొరుగులో భద్రంగా ఉంది.

లెక్క చేయండి: ఒక పెట్టె లోపల పొడవు 50, ఎత్తు 30, లోతు 20 సెంటీమీటర్లు. అందులో ఎన్ని లీటర్ల గాలి పడుతుంది?