గృహములయందు గంజాయి మొక్కను పెంచుటను గూర్చిన నిబంధనలు

స్వంత వాడుకకై రెండు మూడు గంజాయి మొక్కలను ఇంట పెంచుకొనుట తప్పు గాదనియు, విక్రయించినప్పుడే చట్టము పట్టుకొనుననియు పలువురు తలంచుచున్నారు. ఇది పొరబాటు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము 8వ సెక్షను గంజాయిజాతి మొక్క దేనినైనను సాగుచేయరాదని శాసించుచున్నది. ఆంగ్లపదమును "సాగు" అని తెనిగించుటచే చదువరికి చేను, నాగలి కన్నులకు గట్టును. మూలమున ఎకరముల లెక్క గాని మొక్కల సంఖ్య గాని లేదు. మేడమీది కుండీయు అందు చేరును. 2024 నవంబరులో ఢిల్లీ పొరుగుననున్న గ్రేటర్ నోయిడాలో, ఒక అపార్టుమెంటు లోపల విద్యుద్దీపముల వెలుగున కుండీలలో ఈ మొక్కలను పెంచుచున్న గృహస్థును పోలీసువారు నిర్బంధించిరి.

ఈ కట్టుబాటు నూతనము గాదు. 1893-94 నాటి కమీషనువారు గంజాయిని బొత్తిగా నిషేధింప వలదనియే చెప్పినను, లైసెన్సు లేని సాగు కూడదనిరి.

సాగునకు శిక్ష పదేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జుల్మానా. కిలోగ్రాము లోపు గంజాయి స్వల్పపరిమాణ మగుటయు, దానికి శిక్ష ఏడాదికి మించకుండుటయు నిజమే. కాని యా తూకము కోసిన సరకునకే గాని నేలలోనున్న మొక్కకు వర్తింపదు. పూతకంకులు లేని ఆకును గంజాయి నిర్వచనమునుండి చట్టము తప్పించినది. భంగునకు గల వెసులుబాటు దీనివలననే. ఆకు తప్పినంతమాత్రమున మొక్క తప్పలేదు. వైద్యుని చీటియు పెరటిసాగునకు అనుజ్ఞ కానేరదు. నార, గింజ, ఉద్యానము అను ప్రయోజనములకు ప్రభుత్వపుటాజ్ఞ యున్నప్పుడే 14వ సెక్షను సాగును ఒప్పుకొనును.

అధికారులు మిక్కిలి జాగ్రత్త వహింపవలసినది వేరొకటి గలదు. ఉత్తరదేశమున ఈ మొక్క రోడ్ల ప్రక్కను, బీడునేలలను, పాడుగోడల మొదళ్లను తనంతట మొలచును. గుడిసె వెనుక కలుపుగా మొలచినదానికి ఆ గుడిసెవాని నేరస్థునిగా చేయుట న్యాయము గాదు. ఉత్తరప్రదేశమునకు చెందిన యొక అప్పీలులో సర్వోచ్చ న్యాయస్థానము, సహజముగా మొలచిన మొక్కలు సాగు కానేరవనియు, నిందితుడే సాగుచేసెనని రుజువు కావలెననియు తీర్పు చెప్పినది. ఇది 2004 సంవత్సరపు తీర్పుల సంపుటమున అచ్చయినది. కావున తనిఖీచేయువారు మొక్కలు వరుసలుగ నున్నవా, పాదులు తీయబడినవా, నీరు పెట్టుచున్న జాడ గలదా, స్థలము ఎవరి స్వాధీనమున నున్నది అను సంగతులను అక్కడనే వ్రాసికొనవలెను. వ్రాత ముగియక మునుపే పెరికించినచో సాగుచేసినవాడును తప్పించుకొనును, చేయనివాడును చిక్కుకొనును.

సాగు తెలిసియు పోలీసు మొదలగు అధికార శాఖలకు వెంటనే తెలుపని భూస్వామి 46వ సెక్షను క్రిందను, ప్రభుత్వోద్యోగి, సర్పంచి, గ్రామాధికారి 47వ సెక్షను క్రిందను శిక్షార్హులు. పంటను జప్తుచేయుటకును, నాశనము చేయించుటకును 48వ సెక్షను మేజిస్ట్రేటునకును, అధికారమొసగబడిన గజిటెడు ఉద్యోగికిని మాత్రమే హక్కు నిచ్చుచున్నది. శానిటరీ సిబ్బంది తమంతట చేయరాదు.

అలవాటునకు లోబడి చికిత్స కోరువారిని గాజియాబాదులోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారి జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రమునకు పంపవచ్చును.