జిల్లాల పునర్వ్యవస్థీకరణ – పాత పంట దత్తాంశ ఫైళ్ల సామూహిక సవరణ

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగింది. పూర్వపు తూర్పు గోదావరి నుండి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడివడ్డాయి. పశ్చిమ గోదావరికి చెందిన కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు రాజమహేంద్రవరం కేంద్రంగా గల కొత్త తూర్పు గోదావరిలో చేరాయి. ఏలూరు వేరు జిల్లా కాగా, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. పేరు మారి ఉంటే చిక్కు తక్కువ; ఇక్కడ పేరు అదే ఉండి భూభాగం మారింది. అమలాపురం, రాజోలు మండలాలతో కూడిన నాటి తూర్పు గోదావరి సగటు వరి దిగుబడిని, అవి లేని నేటి జిల్లా సగటుతో పోల్చినపుడు కనిపించే తేడాలో కొంత పంటది కాదు, సరిహద్దుది.

వందలాది సర్వే ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరచి దిద్దడం కంటే కమాండ్ లైన్ సాధనాలు మేలు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌తో పాటు రూపొందిన గ్రెప్, సెడ్ నేటికీ ఈ పనికి చాలు. గ్రెప్‌కు ఆర్, ఎల్ అనే ఐచ్ఛికాలు జోడిస్తే ఫోల్డరులోనూ, దాని ఉపఫోల్డర్లలోనూ ఆ పదమున్న ఫైళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. సెడ్‌కు ఎస్ అక్షరం, వాలుగీతల నడుమ పాత పదం, కొత్త పదం, చివర జీ ఇవ్వాలి. జీ లేకపోతే ప్రతి వరుసలో మొదటి పదమే మారుతుంది. ఎక్సెల్ ఫైళ్లపై సెడ్ నడపరాదు. అవి కుదించిన ఫైళ్లు, చెడిపోతాయి. ముందుగా సీఎస్‌వీగా భద్రపరచుకోవాలి.

‘పశ్చిమ గోదావరి’ని అంతటా ‘తూర్పు గోదావరి’గా మార్చితే భీమవరం, తణుకు కూడా నది దాటిపోతాయి! కొవ్వూరు అనే పదమున్న వరుసలకే మార్పును పరిమితం చేయవచ్చు. సెడ్‌లో ఆ పదాన్ని ఆదేశానికి ముందు వాలుగీతల మధ్య ఉంచితే సరిపోతుంది. అయినా, మార్కెట్ గడిలో కొవ్వూరు అని ఉన్న తణుకు రైతు వరుస సైతం మారుతుంది. వరి రకాల విషయమూ ఇంతే: ‘1010’ని ‘ఎంటీయూ 1010’గా మార్చబోతే దిగుబడి గడిలోని 1010 కూడా రకంగా మారిపోతుంది.

అందుచేత గడులను గుర్తించగల ఆక్ సాధనం ఇచ్చట శ్రేయస్కరం. మండలం–కొత్త జిల్లా పట్టికను ఒక ఫైలుగా సిద్ధం చేసుకొని, ప్రతి వరుసలోని మండలం గడిని దానితో సరిచూచి, కొత్త జిల్లాను చివర అదనపు గడిగా చేర్చాలి. పాత జిల్లా గడిని తాకరాదు. ఒకసారి దిద్దిన ‘తూర్పు గోదావరి’ నాటిదో నేటిదో తరువాత తెలుసుకొనే దారి ఉండదు.

తెలుగులో నమోదైన ఫైళ్లలో ‘పశ్చిమగోదావరి’ అని కలిపి వ్రాసినవి, ‘ప.గో.’ అని కుదించినవి గ్రెప్‌కు చిక్కవు. పట్టికలో దొరకని మండలాలను ఆక్ చేత వేరుగా ముద్రింపజేస్తే అక్షరదోషాలు బయటపడతాయి. మా విభాగంలో అసలు శ్రమ అంతా వాటి వద్దనే. సెడ్‌తో నేరుగా ఫైలులోనే మార్చే ఐ ఐచ్ఛికాన్ని వాడవలసి వస్తే, దానికి ఆనించి ఒక పొడిగింపు పేరు ఇవ్వాలి. పాత ప్రతి ఆ పేరుతో నిలుస్తుంది. పిమ్మట డిఫ్‌తో రెండు ప్రతులను పోల్చి, మారిన వరుసల సంఖ్య గ్రెప్ ముందుగా లెక్కించిన వరుసల సంఖ్యతో సరిపోయినదీ లేనిదీ చూడాలి.