మీకు తెలుసా? పని లెక్క, ఆయుష్షు లెక్క

● అమెరికాలో నిరుద్యోగ భృతి తీసుకునేవారిని లెక్కపెట్టి నిరుద్యోగ శాతం చెబుతారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అంకె ఇంటింటి సర్వే నుంచి వస్తుంది. 1940లో మొదలైన ఈ సర్వే పేరు ఇప్పుడు ‘కరెంట్ పాపులేషన్ సర్వే’. సెన్సస్ బ్యూరో సిబ్బంది నెలనెలా దాదాపు 60,000 ఇళ్లవారిని నేరుగానో ఫోన్‌లోనో పలకరిస్తారు. ఫలితాలను కార్మిక గణాంకాల సంస్థ ప్రకటిస్తుంది.

● నెలలో 12వ తేదీ వచ్చే వారంలో ఒక్క గంట డబ్బుకు పనిచేసినా ఆ మనిషికి పని ఉన్నట్టే. పని లేనివాళ్లు గత 4 వారాల్లో పనికోసం ప్రయత్నించకపోతే సాధారణంగా నిరుద్యోగుల్లో కలపరు. జబ్బుపడి వెతకడం మానేసినవాళ్లు అలా ఆ శాతంలోకే రారు. జైళ్లలో, నర్సింగ్ హోముల్లో ఉన్నవాళ్లను సర్వే అసలు అడగదు.

● అమెరికా మరణ ధ్రువీకరణ పత్రంలో చనిపోయిన వ్యక్తి చదువు, చేసిన పని రాస్తారు. ఆదాయం రాయరు. అందుకే షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎవలిన్ కిటగావా, ఫిలిప్ హౌజర్ 1960 నాటి మరణ పత్రాలను అదే ఏటి జనగణన వివరాలతో జతచేశారు. తక్కువ చదువు, తక్కువ రాబడి ఉన్నవాళ్లు ముందుగా చనిపోతున్నారని 1973లో వచ్చిన వారి పుస్తకం దేశవ్యాప్త లెక్కలతో నిరూపించింది.

● ఆ పద్ధతినే ‘నేషనల్ లాంగిట్యూడినల్ మోర్టాలిటీ స్టడీ’ కొనసాగించింది. కరెంట్ పాపులేషన్ సర్వేలో పని గురించి చెప్పిన జవాబులను 1979 నుంచి నమోదైన మరణాలతో కలిపి చూసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పని పోతే ఆరోగ్యం చెడవచ్చు, ఆరోగ్యం చెడినా పని పోవచ్చు. ఏది ముందో తేల్చాలంటే ఏళ్ల తరబడి గమనించాలి.

● ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 1999–2014 మధ్య పన్ను రికార్డులను మరణాల వివరాలతో కలిపి పరిశీలించింది. అత్యంత సంపన్నులైన 1 శాతానికీ, అత్యంత పేదలైన 1 శాతానికీ మధ్య ఆయుర్దాయంలో తేడా మగవారిలో 14.6 ఏళ్లు, ఆడవారిలో 10.1 ఏళ్లు! ఊరు మారితే పేదల ఆయుష్షూ మారుతోంది. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో పేదలు డెట్రాయిట్, గ్యారీ పేదలకన్నా ఎక్కువకాలం బతుకుతున్నారు.

● 2021లో అమెరికా మూలవాసుల సగటు ఆయుర్దాయం దాదాపు 65 ఏళ్లు, ఆసియన్లది 83 పైమాటే. అక్కడి మన తెలుగువాళ్లూ ఈ ‘ఆసియన్’ గడిలోకే వస్తారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరునూ, శరణార్థిగా వచ్చిన కుటుంబాన్నీ ఒకే సగటులో కలిపేస్తే, వెనకబడ్డవాళ్ల కష్టం కనిపించదు.

● మన దేశంలోనూ ఇంటింటికీ వెళ్లి పని వివరాలు అడిగే పీఎల్ఎఫ్ఎస్ సర్వే 2017లో మొదలైంది. జనన మరణాల నమోదుకు జాతీయ డేటాబేస్ ఉండాలని 2023 చట్ట సవరణ చెబుతోంది. ఎవరి పేరూ బయటపడకుండా ఈ రెండు వివరాలనూ కలిపి చదవాలి. అప్పుడే భవన నిర్మాణ కార్మికులో, బీడీ కార్మికులో, కౌలు రైతులో, ఎవరు ముందుగా రాలిపోతున్నారో తెలుస్తుంది. వైద్యం, పింఛను ఎవరికి ముందు చేరాలో నిర్ణయించడానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.