ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి రాష్ట్రంలో విద్యుత్ ఛార్జీలను నిర్ణయించే చట్టబద్ధ సంస్థ. ఉత్పత్తి సంస్థలకు, పంపిణీ సంస్థలకు మధ్య వివాదాలను కూడా ఇదే విచారిస్తుంది. అందువలన ఇది న్యాయవాదులకు ఒక ప్రత్యేక కార్యరంగమైంది. దీనిని ఏపీఈఆర్‌సీ అని కూడా వ్యవహరిస్తారు.

చరిత్ర

1998 నాటి రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. విద్యుత్ బోర్డు స్థానంలో జెన్‌కో, ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. మండలి కూడా 1999లోనే ఏర్పడింది. తరువాత 2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం దీని అధికారాలను విస్తరించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు తెలంగాణకు వేరే మండలి ఏర్పడింది.

ఛార్జీల నిర్ణయం

పంపిణీ సంస్థ ముందుగా తన ఆదాయ వ్యయాల అంచనాలను సమర్పిస్తుంది. మండలి ప్రజల అభ్యంతరాలను స్వీకరించి, బహిరంగ విచారణ జరిపి ఉత్తర్వు ఇస్తుంది. ఉదాహరణకు, పల్నాడు జిల్లాలోని శావల్యాపురం 2019లో ఏర్పడిన మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉంది. అక్కడి వినియోగదారుడు కూడా ఆ సంస్థ ప్రతిపాదనలపై అభ్యంతరం తెలుపవచ్చు. వ్యవసాయానికి ఉచిత విద్యుత్ 2004లో మొదలైంది. ఇటువంటి రాయితీ ఇచ్చే ప్రభుత్వం ఆ మొత్తాన్ని పంపిణీ సంస్థకు ముందుగా చెల్లించాలని చట్టంలోని 65వ సెక్షను చెబుతున్నది. బిల్లులపై వ్యక్తిగత ఫిర్యాదులు మాత్రం మండలికి కాక, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళతాయి.

న్యాయవాదుల పాత్ర

మండలి ముందు న్యాయవాదులు విద్యుత్ కొనుగోలు ఒప్పందాలపై వాదిస్తారు. ఇందుకు న్యాయశాస్త్రంతో పాటు లెక్కలు, సాంకేతిక విషయాలు కూడా తెలిసి ఉండాలి. వినియోగదారుల తరఫున వాదించేందుకు మండలి ఎవరినైనా నియమించవచ్చు (94వ సెక్షను). మండలి ఉత్తర్వులపై ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడినుండి సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ప్రతి మండలిలోను న్యాయరంగానికి చెందిన సభ్యుడు కనీసం ఒక్కరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

పవన, సౌర విద్యుత్ వివాదం

పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించడం కూడా మండలి విధి. అయితే ఆ విద్యుత్తు కొనుగోలు ధరలపై పెద్ద వివాదం చెలరేగింది. పాత ఒప్పందాలలోని ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ, వాటిని తగ్గించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2019 జూలైలో సంప్రదింపుల సంఘాన్ని నియమించింది. ఉత్పత్తి సంస్థలు హైకోర్టును ఆశ్రయించాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం పవన విద్యుత్తుకు యూనిటుకు 2.43 రూపాయలు, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల మధ్యంతర ధరను సూచించి, విషయాన్ని మండలికి అప్పగించింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఈ తీర్పును కొట్టివేసి, ఒప్పందాలలోని ధరలనే చెల్లించాలని ఆదేశించింది. ఒప్పందానికి విలువ లేకపోతే కొత్త కేంద్రాలకు పెట్టుబడి రాదు. ధర ఎక్కువైతే ఆ భారం వినియోగదారులపైననో, ప్రభుత్వ ఖజానాపైననో పడుతుంది. ఈ రంగంలోని వ్యాజ్యాలలో తరచు ఎదురయ్యే ప్రశ్న ఇదే.