జర్మను వ్యాకరణ పరిచయము



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును జెప్పి విశ్రాంతి గైకొన్న నేను, అఱువదినాలుగవ యేట జర్మను భాషకు అక్షరాభ్యాసము చేసికొంటినన్నచో మీకు నవ్వు రావచ్చును. నా మిత్రులకు వచ్చినది. అది నేనై కోరి చేసిన పని గాదు. నాయొద్ద జదివిన యొకని కొమార్తె నర్సు చదువు ముగించి జర్మనీ దేశమున నుద్యోగమునకై యత్నించుచుండెను. అచ్చట నర్సుగా గుదురుకొనుటకు సాధారణముగా బీ2 అను మెట్టు వఱకు భాష రావలయును. ఏ1 మొదలు సీ2 వఱకు మెట్లు ఆఱు. అందు బీ2 నాలుగవది. ఆ పిల్ల మూడవ మెట్టు పరీక్షయందే రెండుమారులు తప్పెను. రుసుములకై తండ్రి యప్పు చేసియుండెను. ఒకనాటి సాయంకాలము ఆమె పుస్తకములు చంకనిడుకొని వచ్చి, "తాతగారూ, మాటలు వచ్చినవి గాని వాక్యము పట్టుబడుట లేదు. ఇందులో విభక్తులున్నవట. మీకు విభక్తులు తెలియును గదా!" అనెను. కాదనుటకు నోరు రాలేదు.

ఆమె జర్మనును ఇంగ్లీషు మూలమున నేర్చెను. చిక్కంతయు నక్కడనే యున్నది. ఇంగ్లీషున నామవాచకములకు విభక్తి ప్రత్యయములు చాలవఱకు నశించినవి. కర్త ముందు, క్రియ నడుమ, కర్మము వెనుక. చోటు మారిన అర్థము మారును. జర్మను అట్లు గాదు. "డేర్ ఫాటర్ రూఫ్ట్ డేన్ జోన్" అనగా తండ్రి కొడుకును బిలుచును. "డేన్ జోన్ రూఫ్ట్ డేర్ ఫాటర్" అన్నను అర్థము అదియే. కొడుకును తండ్రి పిలుచును. మన చెవికి ఇందులో వింత లేదు. ఆ పిల్ల మాత్రము ఇంగ్లీషు చెవితో విని, రెండవ వాక్యమున కొడుకే తండ్రిని బిలిచెనని వ్రాసివచ్చినది.

ఇందులో "డేర్", "డేన్" అను చిన్నమాటలను జూడుడు. ఫాటర్ అనగా తండ్రి, జోన్ అనగా కొడుకు. ఆ నామములకు ముందు నిలుచు నీ చిన్నమాటను ఉపపదమందము. లింగ వచన విభక్తులను మోయు బరువు చాలవఱకు దీనిమీదనే పడినది. మనకు ప్రత్యయము నామమునకు వెనుక నంటుకొనును. వారికది ముందటి మాట కెక్కినది. ప్రథమ యందు పుంలింగమునకు డేర్, స్త్రీలింగమునకు డీ, నపుంసకమునకు డస్. ద్వితీయ యందు పుంలింగము మాత్రమే మారి డేన్ అగును. తక్కిన రెండును మారవు. సంస్కృతమున ఫలశబ్దమునకు ప్రథమా ద్వితీయలు ఒక్క తీరుగా నుండుట మీరెఱుగుదురు. ఇక చతుర్థి యందు వరుసగా డేమ్, డేర్, డేమ్, బహువచనమున డేన్. షష్ఠి యందు డెస్, డేర్, డెస్, బహువచనమున డేర్. విభక్తులు నాలుగే.

నాలుగే యని యుబ్బిపోరాదు. "డేర్" అను నొక్క రూపము పుంలింగ ప్రథమయు, స్త్రీలింగ చతుర్థియు, స్త్రీలింగ షష్ఠియు, బహువచన షష్ఠియు నగుచున్నది. "ఇష్ గేబె డేర్ ఫ్రౌ డస్ వస్సర్" అను వాక్యమునకు "నేను ఆ స్త్రీకి నీరు ఇచ్చుచున్నాను" అని యర్థము. డేర్ వినబడగానే పురుషుడనుకొన్నవాడు స్త్రీ యెట్లు వచ్చెనని తెల్లబోవును. మా పిల్ల రెండుమారులును తెల్లబోయినది ఇచ్చటనే. వారము దినములు వీధియరుగుమీద గూర్చుండి, శబ్దమంజరివలె, డేర్ డేన్ డేమ్ డెస్ అని యామెచేత వల్లె వేయించితిని. త్రోవ బోవువారు నిలిచి చూచిరి.

లింగమునందు జర్మను తర్కమునకు లొంగదు. భోజనపు బల్లమీది చెంచా పుంలింగము, ముల్లుచెంచా స్త్రీలింగము, కత్తి నపుంసకము. సూర్యుడు స్త్రీలింగము, చంద్రుడు పుంలింగము. బాలిక యను నర్థముగల మేడ్షెన్ శబ్దము నపుంసకము. ఏలయన, అల్పార్థమున జేరు "షెన్" ప్రత్యయము తాను దేనికి దగిలిన దానిని నపుంసకము చేయును. ఇంగ్లీషు చదివినవారికి ఇది వెఱ్ఱిగా దోచును. మనకు దోచరాదు. భార్య యను నొక్క యర్థముననే భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, అందును నిత్యబహువచనము, కళత్రశబ్దము నపుంసకము! తెలుగులో మాత్రము, ఏకవచనమున "ఆమె వచ్చినది" అని స్త్రీని పశువులతో జేర్చి, బహువచనమున "వారు వచ్చిరి" అని పురుషులతో జేర్చుచున్నాము గదా. కావున రామశబ్దమును అకారాంతము పుంలింగము అని లింగముతో గూడ వల్లించినట్లు, ప్రతి జర్మను నామమును ఉపపదముతోనే వల్లింపవలయును. వేఱు దారి నాకు గనబడలేదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పవలసియున్నది. కారకములు తెలిసినవానికి జర్మను కరతలామలకమని గర్వించి, "మిట్" అనగా "తో" గనుక అది తృతీయ యనియు, "ఫొన్" అనగా "నుండి" గనుక పంచమి యనియు నామెకు జెప్పితిని. ఆమె పుస్తకము తెఱచి, "తాతగారూ, రెండింటికిని చతుర్థియే వ్రాసినారు" అని వినయముగా జూపెను. నిజమే. పూర్వభాషలోని తృతీయా పంచమీ సప్తములు ఆ భాషాకుటుంబమున క్రమముగా చతుర్థిలో గలిసిపోయినవి. మిట్, ఫొన్, త్సూ, బై, ఔస్, నాఖ్, జైట్ అనునవి యెల్లప్పుడును చతుర్థినే కోరును. అర్థమును బట్టి గాక, పక్కనున్న యవ్యయమును బట్టి విభక్తి వచ్చుటకు మన ఉపపదవిభక్తియే సరియైన పోలిక; సంస్కృతమున నమః అన్నచో చతుర్థి వచ్చుట లేదా? ఆ సంగతి నాకు ముందే స్ఫురింపవలసినది.

"ఇన్" అను నవ్యయమునకు రెండు విభక్తులు. బడిలోనికి బోవునప్పుడు ద్వితీయ, "ఇన్ డీ షూలె". బడిలో నున్నప్పుడు చతుర్థి, "ఇన్ డేర్ షూలె". సంస్కృతమున గ్రామమునకు బోవుటయందు ద్వితీయ వాడుట దలచుకొన్నచో ఇది మఱవరానిది. మఱియొక చుట్టఱికము తెలుగుతోనే కలదు. ఇంగ్లీషువాడు "నేను చలిగా నున్నాను" అను తీరున బలుకును. జర్మనువాడు "మీర్ ఇస్ట్ కల్ట్" అనును. "నాకు చలిగా నున్నది" యని యక్షరాలా మన మాటయే.

వాక్యక్రమమును గూర్చి రెండు మాటలు. ప్రధానవాక్యమున క్రియకు రెండవ పీట నియతము. మొదటి పీటపై "నేను" కూర్చున్నను, "నేడు" కూర్చున్నను, క్రియ కదలదు. కాని "వైల్", అనగా "ఎందుకనగా", అని యుపవాక్యము నారంభించినచో క్రియ తుదకు బోవును. "వైల్ ఇష్ డేర్ ఫ్రౌ డస్ వస్సర్ గేబె": ఎందుకనగా, నేను, ఆ స్త్రీకి, నీరు, ఇచ్చుచున్నాను. వరుస తెలుగు వరుసయే! ఇది చూపినప్పుడు ఆ పిల్ల మొదటిసారి నవ్వినది.

ఉపసర్గల సంగతి కొంత విలక్షణము. రూఫెన్ అనగా పిలుచుట. "అన్" చేరి అన్‌రూఫెన్ అయినచో టెలిఫోను చేయుట. ఆహార విహార ప్రహారములయందు ఉపసర్గ అర్థమును ద్రిప్పుట మన మెఱిగినదే. కాని ప్రధానవాక్యమున నీ "అన్" ధాతువును విడిచి వాక్యము కొసకు బోయి కూర్చుండును. "ఇష్ రూఫె డేన్ జోన్ అన్" అనగా నేను కొడుకునకు టెలిఫోను చేయుచున్నాను. కొస వినక లేచినచో పిలిచెననుకొందుము. లోకమున ధాతువునకు ముందుండు నుపసర్గ వేదమున నెడబడి యుండవచ్చునని పాణిని చెప్పియున్నాడు. ఆ పాణినీయమును 1839, 1840 సంవత్సరములలో బాన్ నగరమున అచ్చువేయించిన బోట్‌లింక్ పండితునకు, తన భాషలోని యీ వేదలక్షణము చూచి ముచ్చట వేసియుండునా యని యప్పుడప్పు డనుకొందును.

సంఖ్యలే మా పిల్లను మిక్కిలి భయపెట్టినవి. ఇరువదినాలుగును "ఫీర్ ఉంట్ త్స్వాంట్సిష్", నాలుగును ఇరువదియు, అందురు. విన్న వరుసన వ్రాసి 24కు బదులు 42 వేసినది. పరీక్షలో నది యొక మార్కు; వార్డులో మందు కొలతయైనచో ప్రాణము. చతుర్వింశతి యను మాట మనసున నుంచుకొమ్మంటిని. అదియు నాలుగుతోనే మొదలగును గదా.

మూడవమాఱు ఆమె గెలిచెను. మఱుసటి యేడు నాలుగవ మెట్టును దాటెను. ఇప్పుడు అక్కడి యాసుపత్రిలో బనిచేయుచున్నది. మొన్న నాకు జర్మనులో నాలుగు పంక్తుల యుత్తరము వ్రాసినది. అందొకచోట "మిట్ డీ ఫ్రౌ" అని యుండెను. ఎఱ్ఱసిరాతో డీ కొట్టివేసి డేర్ వ్రాసి తిరుగటపాలో బంపితిని. జవాబు వచ్చినది: "ఇక్కడ నా తప్పు లెవ్వరును దిద్దరు తాతగారూ, అర్థము చేసికొని యూరకుందురు. మీరు దిద్ది పంపుచుండుడు."