చల్లేది బస్తా.. పైరుకు అందేది మూడో వంతు!

సింధనూరు: పైరు కాస్త పసుపు తిరిగితే చాలు.. మడిలో యూరియా పడాల్సిందే. తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, కారటగి, సింధనూరు చుట్టుపక్కల తెలుగు క్యాంపుల్లో ఇది మామూలే. 1950ల్లో జలాశయం వచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి, నల్లరేగడిని వరిమడులుగా మార్చిన కుటుంబాలివి. కన్నడంలో గొబ్బర అన్నా, తెలుగులో ఎరువన్నా చేతి చమురు ఒకటే. ఎందుకంటే వరిలో వేసిన నత్రజనిలో పైరుకు దక్కేది సాధారణంగా 30-40 శాతమే. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అందులో పైరు తినేది ఆరు నుంచి ఎనిమిది కిలోలన్నమాట.

మిగతాది ఎటు పోతోంది?

నిండా నీళ్లున్న మడిలో చల్లిన యూరియా కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుతుంది. ఎండ, వేడి, నీటిలోని పాచి, నల్లరేగడిలోని క్షారగుణం తోడై అది ఆవిరిగా లేచిపోతుంది. మొదటి వారంలోనే నష్టం ఎక్కువ. కాలువ వంతు తప్పి మడి ఆరితే, మిగిలిన నత్రజని నైట్రేట్‌గా మారుతుంది. మళ్లీ నీరు పెట్టగానే గాలి అందని బురదలో సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చేస్తాయి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో అయితే నీటితోపాటు కిందికి దిగి బావులకు చేరుతుంది. తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అది నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆవిరయ్యేదాన్ని మాత్రం పెద్దగా ఆపలేదు.

చౌక కదా అని..

బస్తా రూ.266.50కే వస్తోందని రెండు గుప్పిళ్లు ఎక్కువేస్తే అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. నత్రజని మితిమీరిన పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది. అగ్గితెగులు, సుడిదోమ పట్టుకుంటాయి. మందుల మీద మందులు కొట్టాల్సొస్తుంది. కౌలు రైతుకు ఈ దెబ్బ మరీ ఎక్కువ.

ఇలా చేస్తే మేలు

* మొత్తం ఒకేసారి వద్దు. నాటేటప్పుడు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు దఫాలుగా వేయాలి.
* నీరు తీసేసి బురద పదునులో చల్లాలి. 36-48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి.
* కంటి అంచనా కాకుండా ఆకు రంగు పట్టికతో సరిచూసుకోవాలి. రంగు తగ్గితేనే పైపాటు వేయాలి.
* నాట్లకు ముందు జీలుగ, పిల్లిపెసర వేసి కలియదున్నితే ఆ మేరకు యూరియా తగ్గించుకోవచ్చు.