కట్టెల కరెంటు – ఊరి ఆరోగ్యం



ఇంటి పెద్దకు పని పోతే ఆ ఇంట్లో ముందుగా ఆగిపోయేవి బీపీ, షుగరు మాత్రలు. ఆ తర్వాత పాలు, గుడ్లు. కొన్నాళ్ళకు ఆ మనిషినే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకొస్తారు. వార్డుల్లో పనిచేసే మాకు ఇది కొత్త కాదు. అందుకే ఊరికి కూడు పెట్టే ఫ్యాక్టరీ కష్టాల్లో పడితే అది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. అలాంటి ఒక ఊరి సంగతి ఈసారి చెబుతాను.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో బెర్లిన్ అనే చిన్న పట్టణం ఉంది. చుట్టూ అడవులు. తరతరాలుగా అక్కడివారు కాగితపు గుజ్జు మిల్లుల్లో పనిచేసి బతికారు. 2006లో గుజ్జు మిల్లు మూతబడింది. ఒకప్పుడు 20 వేలున్న జనాభా 2020 లెక్కల నాటికి 10 వేల లోపుకు వచ్చింది.

మిల్లులో మిగిలిన పాత బాయిలరును మార్చి, ఆ స్థలంలోనే బర్జెస్ బయోపవర్ అనే విద్యుత్ ప్లాంటు కట్టారు. 2014 నాటికి అది పనిలోకి వచ్చింది. సామర్థ్యం 75 మెగావాట్లు. కలపకు పనికిరాని వంకర చెట్లు, కొమ్మలు ముక్కలుగా కొట్టి అందులో మండిస్తారు. ప్లాంటులో పనిచేసేవారితో పాటు చెట్లు కొట్టేవారు, లారీలు నడిపేవారు కూడా దానిమీద ఆధారపడ్డారు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? ప్లాంటు కరెంటును 20 ఏళ్ళపాటు కొనడానికి విద్యుత్ సంస్థతో ఒప్పందం ఉండేది. బజారు ధరకంటే ఎక్కువగా చెల్లించిన మొత్తం 10 కోట్ల డాలర్లు దాటితే ఆపైది ప్లాంటే సర్దుకోవాలన్నది అందులోని షరతు. సహజవాయువు చవకై బజారులో కరెంటు ధర పడిపోయింది. దాంతో ఆ హద్దు త్వరగా దగ్గరపడింది.

అప్పుడు రాష్ట్ర శాసనసభ ఆదుకుంది. 2018లో ఆ హద్దును మూడేళ్ళు పక్కనపెడుతూ చట్టం చేసింది. గవర్నరు క్రిస్ సునును సంతకం చేశారు. అక్కడి గవర్నరు మన ముఖ్యమంత్రి వలె ప్రజలు ఎన్నుకున్న పాలకుడు. 2022లో మరికొంత గడువు ఇచ్చారు. 2023లో సభ మళ్ళీ సహాయానికి బిల్లు పాస్ చేస్తే ఈసారి గవర్నరు ఒప్పుకోలేదు. 2024 జనవరిలో సభ ఆయన నిర్ణయాన్ని తిరగతోడలేకపోయింది. ఫిబ్రవరిలో ప్లాంటు దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత యాజమాన్యం అప్పిచ్చినవారి చేతికి వెళ్ళింది.

ఇందులో ఎవరిది న్యాయం? కరెంటు బిల్లు కట్టే ముసలమ్మ, "ఆ ఎక్కువ ధర నేనెందుకు కట్టాలి?" అని అడిగితే తప్పు లేదు. లారీ డ్రైవరు, "నా పిల్లలకు అన్నం ఎలా?" అని అడిగినా తప్పు లేదు. నర్సుగా నాకు తోచింది ఇది. ఆయాసంతో వచ్చిన రోగికి వెంటనే ఆక్సిజన్ పెడతాము. పెట్టకపోతే బతకడు. కాని ఆక్సిజన్ న్యుమోనియాను నయం చేయదు. అది ఇచ్చిన వ్యవధిలో అసలు జబ్బుకు మందు పడాలి. చట్టం కూడా అంతే. అది కాలాన్ని ఇస్తుంది, ఆ కాలంలో ఖర్చు తగ్గించే మార్గం కూడా వెదకాలి. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానం మీకందరికీ తెలిసినదే.

మనకూ ఈ చిక్కు తెలియనిది కాదు. ఊక, పత్తికట్టెలతో కరెంటు తీసే చిన్న ప్లాంట్లకు ఇచ్చే ధరను 2004లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి సవరించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2010 తీర్పుతో తిరిగి మండలి దగ్గరకే వచ్చింది.

చివరిగా పొగ మాట. అదే కట్టె ప్లాంటు బాయిలరులో మండితే దుమ్మును చాలావరకు ఫిల్టర్లు పట్టుకుంటాయి, అయినా పూర్తిగా కాదు. పొలంలోనో వంటింట్లోనో మండితే పట్టేదేమీ ఉండదు. నేరుగా ఊపిరితిత్తులలోకి పోతుంది. గనుక ఇవి గుర్తుంచుకోండి:

• ఊక, బూడిద దగ్గర పనిచేసేవారు ముక్కు, నోరు బాగా మూసే మాస్కు వాడండి. పలుచని రుమాలు చాలదు.
• కట్టెల పొయ్యి వాడితే పొగ బయటికి పోయే దారి ఉంచండి. పసిపిల్లలను దగ్గర కూర్చోబెట్టకండి.
• రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. పొగవల్లనే అని సరిపెట్టుకోవద్దు.
• పని పోయినా మందులు మానకండి. డబ్బుకు ఇబ్బంది అయితే సిగ్గుపడక మీ నర్సుతో, మీ పాస్టరుగారితో చెప్పండి.

సంఘములో ఎవరి ఇంట పని ఆగిపోయిందో ఈ వారం కనుక్కోండి. ప్రార్థించండి, వెళ్ళి పలకరించండి, వారి మాత్రల డబ్బా నిండుగా ఉందో లేదో కూడా చూసి రండి.